శ్రీకాకుళంలో ఉంటూ సర్వర్ పెర్ఫార్మెన్స్ ఇంజినీరింగ్, ఆ తర్వాత కన్సల్టింగ్ చేయవచ్చా?

మీరు ఆమదాలవలసలో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి నాలుగేళ్లుగా ఫంక్షనల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తోందా అన్న పరీక్ష) చేస్తున్నానని, మీ సంస్థలోనే పెర్ఫార్మెన్స్ టీమ్‌లో ఖాళీ వచ్చిందని రాశారు. అందులో భవిష్యత్తు ఉందా, కొన్నేళ్ల తర్వాత సొంతంగా కన్సల్టింగ్ చేయవచ్చా, దానికోసం ఊరు వదలాలా అని అడిగారు. నేను ఈ పనిని మొదట హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉద్యోగిగా చేశాను, ఇప్పుడు విజయనగరంలో ఉండి స్వతంత్రంగా చేస్తున్నాను. ఆ అనుభవంతోనే జవాబు ఇస్తున్నాను.

ముందుగా పని స్వరూపం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలోకి వచ్చేవారిలో ఎక్కువమంది లోడ్ టెస్టింగ్ టూల్ (చాలామంది ఒకేసారి వచ్చినట్లు సర్వర్‌పై భారం వేసి చూసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడమే పెర్ఫార్మెన్స్ ఇంజినీరింగ్ అనుకుంటారు. అలాంటి టూల్ అయిన జేమీటర్‌లో స్క్రిప్ట్ రాయడం కొన్ని వారాల్లో వస్తుంది. అసలు పని ఏమిటంటే, ఒక రిక్వెస్ట్ సర్వర్‌లోకి వచ్చినప్పటి నుంచి జవాబు బయటకు వెళ్లేదాకా ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో లెక్క తేల్చడం. రథసప్తమినాడు అరసవల్లిలో దర్శనానికి పట్టేది కొన్ని క్షణాలే అయినా క్యూలైన్‌లో గంటలు గడిచినట్లు, నెమ్మదించిన సర్వర్‌లో కూడా పని జరిగే సమయం తక్కువగానూ నిరీక్షణ ఎక్కువగానూ ఉంటుంది. ఆ రెండింటినీ విడదీసి చూపగలవారికి ఈ రంగంలో ఎప్పుడూ పని ఉంటుంది.

ఈ నిరీక్షణకు గట్టి గణితం ఉంది. డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ రాక గురించి ప్రచురించిన పత్రంతో మొదలైన క్యూయింగ్ సిద్ధాంతమే నేటికీ మనకు ఆధారం. మన కాలేజీల్లో ఆ పాఠాన్ని పరీక్ష కోసం చదివి వదిలేస్తాం. దయచేసి ఆ పుస్తకాన్ని మళ్లీ తీయండి. ఒక రిక్వెస్ట్‌కు సర్వర్ చేయవలసిన పని 20 మిల్లీసెకన్లు అనుకుందాం. రిక్వెస్టులు క్రమం లేకుండా వచ్చి ఒకే వరుసలో నిలబడే పరిస్థితిలో, సర్వర్ 50 శాతం పనిలో ఉన్నప్పుడు సగటు రెస్పాన్స్ టైమ్ 40 మిల్లీసెకన్లు అవుతుంది. 80 శాతానికి చేరితే 100, 90 శాతానికి 200, 95 శాతానికి 400 మిల్లీసెకన్లు అవుతుంది. "ఇంకా పది శాతం ఖాళీ ఉంది కదా" అని మేనేజర్ ధీమాగా ఉన్న చోటే వినియోగదారుడు పదింతలు ఎక్కువసేపు ఆగుతున్నాడన్న విషయం ఈ లెక్క తెలిసినవారే చెప్పగలరు.

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం కూడా రోజూ పనికొస్తుంది. వ్యవస్థలో ఒకేసారి ఉన్న రిక్వెస్టుల సగటు సంఖ్య, సెకనుకు వచ్చే రిక్వెస్టులను ఒక్కొక్కటి లోపల గడిపే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. జావా అప్లికేషన్లలో విరివిగా వాడే హికారీ కనెక్షన్ పూల్‌లో (ముందే తెరిచి ఉంచి రిక్వెస్టులు పంచుకునే కనెక్షన్ల గుంపు), మనం మార్చకపోతే, గరిష్ఠంగా 10 డేటాబేస్ కనెక్షన్లు ఉంటాయి. ప్రతి రిక్వెస్ట్ ఒక కనెక్షన్‌ను 50 మిల్లీసెకన్లు పట్టుకుంటే ఆ పూల్ సెకనుకు 200 రిక్వెస్టులకు మించి పంపలేదు. ఎంత పెద్ద సర్వర్ కొన్నా ఆ అంకె మారదు. కొత్త సర్వర్ కోసం లక్షల రూపాయల కొటేషన్ సిద్ధమైన తర్వాత నన్ను పిలిచిన చోట్ల కాగితం మీద ఈ గుణకారం చేసి చూపడంతోనే చర్చ దారి మారిన సందర్భాలు ఉన్నాయి.

ఒక కేసును కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వృత్తి ఎలా ఉంటుందో దానిలో కనబడుతుంది. కొన్ని కాలేజీలకు ఫీజు చెల్లింపు, రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ నడిపే ఒక సంస్థ నన్ను సంప్రదించింది. లోడ్ టెస్ట్ పాసైంది, కానీ రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు మొదటి అరగంట సైట్ చక్కగా నడిచి, ఆ తర్వాత ఉన్నట్టుండి కూలబడింది. లోడ్ ఆవరేజ్ విపరీతంగా పెరిగింది కాబట్టి సీపీయూ చాలడం లేదని వారు నిర్ణయించుకుని, రెట్టింపు సైజు మెషీన్‌కు మారబోతున్నారు. అయితే లినక్స్‌లో లోడ్ ఆవరేజ్ అంటే సీపీయూ కోసం ఎదురుచూసే ప్రాసెస్‌ల లెక్క మాత్రమే కాదు, డిస్క్ జవాబు కోసం కదలకుండా ఆగిపోయిన ప్రాసెస్‌లు కూడా అందులో కలుస్తాయి. సీపీయూ, మెమరీ వాడకాన్ని చూపే వీఎంస్టాట్ రికార్డు చూస్తే సీపీయూ ఎక్కువ భాగం ఖాళీగా ఉంది, డిస్క్ కోసం వేచి ఉన్న సమయం మాత్రం పెరిగిపోయింది. డిస్క్ పనిని కొలిచే ఐఓస్టాట్ అంకెలు గ్రాఫ్ గీస్తే, మొదట సెకనుకు 3000 దాకా ఉన్న డిస్క్ ఆపరేషన్లు ఒక నిమిషం నుంచి సరిగ్గా 300 దగ్గర గీత గీసినట్లు నిలిచిపోయాయి.

సహజంగా పెరిగి తగ్గే ట్రాఫిక్ ఎప్పుడూ అంత చదునైన గీత గీయదు. అటువంటి గీత కనబడితే ఎక్కడో ఒక పరిమితి తగిలిందని అర్థం. వారి డేటాబేస్ డిస్క్ అమెజాన్ క్లౌడ్‌లో జీపీ2 రకానికి చెందిన 100 జీబీ వాల్యూమ్. ఆ రకంలో ఒక్కో జీబీకి సెకనుకు 3 ఆపరేషన్ల చొప్పున హక్కు వస్తుంది, అంటే 300. అవసరమైనప్పుడు 3000 దాకా వెళ్లనిస్తారు గానీ, దానికి 54 లక్షల క్రెడిట్ల నిల్వ నుంచి ఖర్చవుతుంది. సెకనుకు 3000 ఖర్చవుతూ 300 తిరిగి జమ అవుతుంటే నికరంగా 2700 తరుగుతాయి. 54 లక్షలను 2700తో భాగిస్తే 2000 సెకన్లు, అంటే సుమారు 33 నిమిషాలు. వారి లోడ్ టెస్ట్ పావుగంట నడిచింది. పావుగంట పరీక్షలో ఈ లోపం బయటపడే అవకాశమే లేదు.

అక్కడితో ఆగితే సగం పనే చేసినట్లు. అసలు అన్ని డిస్క్ ఆపరేషన్లు ఎందుకు అవసరమయ్యాయన్నది రెండో ప్రశ్న. విద్యార్థి ఫోన్ నంబరుతో చెల్లింపు స్థితిని వెతికే క్వెరీకి ఇండెక్స్ (టేబుల్ అంతా చదవకుండా కావలసిన వరుసను నేరుగా చూపే సూచిక) లేదు. టేబుల్ చిన్నగా ఉన్నంతకాలం అది మెమరీలోనే ఉండి లోపం కనబడలేదు. టేబుల్ మెమరీని మించి పెరిగాక ప్రతి వెతుకులాటా డిస్క్‌ను తవ్వడం మొదలుపెట్టింది. క్వెరీ ప్లాన్ (డేటాబేస్ ఆ క్వెరీని ఏ దారిలో నడుపుతోందో చూపే వివరం) తీసి చూపగానే వారి డెవలపర్‌కు విషయం అర్థమైంది. ఇండెక్స్ చేర్చారు, కనీస హక్కే 3000 ఉండే జీపీ3 డిస్క్‌కు మారారు, లోడ్ టెస్ట్‌ను గంటన్నర నడపడం నియమంగా పెట్టుకున్నారు. మెషీన్ సైజు పెంచనవసరం రాలేదు.

ఇందులో నేను వాడిన టూల్స్ అన్నీ ఉచితమైనవి, ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకోగలిగినవి. కస్టమర్ డబ్బిచ్చింది ఒక నిర్ణయం కోసం: పెద్ద మెషీన్ కొనాలా, వద్దా. ఆ నిర్ణయానికి ఆధారాన్ని మరొకరు పరీక్షించి చూడగలిగే రూపంలో రాసి ఇవ్వడమే టెక్నికల్ కన్సల్టింగ్ అని నా అభిప్రాయం. నా రిపోర్ట్‌లో మొదటి పేజీలో తేలిన విషయం, చేయవలసిన మార్పు, ఆ మార్పు వల్ల ఏ అంకె ఎంతకు మారాలో ఉంటాయి. గ్రాఫ్‌లు, లాగ్‌లు ఆ తర్వాతి పేజీల్లో వస్తాయి. మార్పు చేశాక అంకె నేను రాసినట్లు మారకపోతే నా విశ్లేషణను మళ్లీ చేయమని అడిగే హక్కు కస్టమర్‌కు ఉంటుందని ఒప్పందంలోనే రాస్తాను. టెస్టింగ్ నుంచి వస్తున్న మీకు, పరిశీలించినదాన్ని అందరికీ అర్థమయ్యేలా రాసే అలవాటు ఇప్పటికే ఉంటుంది. అది చాలామంది డెవలపర్లకు లేని బలం, దాన్ని తక్కువగా అంచనా వేయకండి.

ఏం నేర్చుకోవాలన్నదానికి నా సలహా: టూల్స్ కంటే ముందు లినక్స్ మెమరీని, డిస్క్‌ను, నెట్‌వర్క్‌ను ఎలా నిర్వహిస్తుందో నేర్చుకోండి. తర్వాత ఒక డేటాబేస్‌ను లోతుగా పట్టుకోండి, పోస్ట్‌గ్రెస్ అయినా మైఎస్‌క్యూఎల్ అయినా సరే, ఎందుకంటే నేను చూసిన సమస్యల్లో ఎక్కువ భాగం చివరికి డేటాబేస్ వాకిట్లోనే తేలాయి. జావా వ్యవస్థలతో పనిచేస్తే థ్రెడ్ డంప్ (ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా) చదవడం, గార్బేజ్ కలెక్షన్ లాగ్ (వాడని మెమరీని ఖాళీ చేసిన రికార్డు) చదవడం తప్పనిసరి. బ్రెండన్ గ్రెగ్ రూపొందించిన ఫ్లేమ్ గ్రాఫ్‌లు సీపీయూ సమయం ఏ ఫంక్షన్‌లో ఖర్చవుతోందో ఒక్క చూపులో చెబుతాయి. ప్రతి వనరుకూ వినియోగం, నిండిపోయి వేచి ఉన్న పని, ఎర్రర్లు అనే మూడింటినీ వరుసగా చూడమనే ఆయన పద్ధతి కొత్తవారికి చాలా మేలు చేస్తుంది.

గణాంకాల విషయంలో ఒక్క హెచ్చరిక. సగటు రెస్పాన్స్ టైమ్‌ను నమ్మకండి. ఒక పేజీ తయారు కావడానికి వెనుక 100 సర్వీస్ కాల్స్ జరుగుతున్నాయనుకోండి, ఒక్కో కాల్ నెమ్మదించే అవకాశం 1 శాతమే అనుకోండి. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నెమ్మదిస్తే, పేజీ చూసేవారిలో దాదాపు 63 శాతం మందికి కనీసం ఒక నెమ్మది కాల్ తగులుతుంది. అందుకే 99వ శాతాంశం (వంద రిక్వెస్టుల్లో 99 ఎంతలోపు పూర్తవుతాయో చెప్పే అంకె) దగ్గర ఏం జరుగుతోందో చూపని రిపోర్ట్‌ను నేను పూర్తి రిపోర్ట్‌గా లెక్కించను.

సొంతంగా కన్సల్టింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి నిఖార్సైన గడువు లేదు గానీ, టీమ్‌లో కనీసం ఆరేడేళ్లు పనిచేయకుండా దిగవద్దని నా గట్టి అభిప్రాయం. ప్రొడక్షన్ సర్వర్ (అసలు వినియోగదారులు వాడే సర్వర్) పడిపోయిన రాత్రి పక్కన సీనియర్లు ఉండగా నేర్చుకునేది వేరు, ఒంటరిగా కస్టమర్ ఎదుట కూర్చుని నేర్చుకోవాలనుకోవడం వేరు. పైగా మొదటి కస్టమర్లు దాదాపుగా పాత సహోద్యోగుల ద్వారానే వస్తారు. వారు వేరే కంపెనీలకు మారి, అక్కడ సర్వర్ నెమ్మదించినప్పుడు మీ పేరు చెబుతారు. ఏ పని చేస్తారో, ఏది చేయరో ముందే కాగితం మీద రాయించుకోండి. ప్రొడక్షన్‌లో చూసే అనుమతి మాత్రమే తీసుకోండి, మార్పులు వారి ఇంజినీర్ల చేతులతోనే జరగనివ్వండి. కొంత అడ్వాన్స్ తీసుకున్న తర్వాతే పని మొదలుపెట్టండి. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మన సేవలకు రేటు 18 శాతం కాబట్టి ఫీజు మాట్లాడేటప్పుడే పన్ను అదనమని స్పష్టం చేయండి. సర్వర్లు, క్లౌడ్ సేవలు అమ్మేవారి దగ్గర కమీషన్ మాత్రం ఎన్నడూ తీసుకోవద్దు. కొనవద్దని చెప్పగలిగే స్వేచ్ఛ పోతే ఈ వృత్తిలో మిగిలేదేమీ ఉండదు.

ఊరి సంగతి. విశ్లేషణంతా వీపీఎన్ ద్వారా జరుగుతుంది కాబట్టి విజయనగరమైనా శ్రీకాకుళమైనా పనికి అడ్డు కాదు. లోడ్ టెస్టులు ఎలాగూ ట్రాఫిక్ తక్కువ ఉండే రాత్రివేళల్లోనే నడుస్తాయి. ముఖాముఖి సమావేశం అవసరమైతే మనం హౌరా, చెన్నై ప్రధాన రైలు మార్గం మీదే ఉన్నాం, విశాఖ దగ్గరే. అయితే తుపానులను మాత్రం లెక్కలో పెట్టుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, తిత్లీ తీరం దాటిన పలాస ప్రాంతంలో పరిస్థితి మరీ దారుణం. అందుకని రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు, మంచి ఇన్వర్టర్ పెట్టుకున్నాను. అక్టోబరు, నవంబరు నెలల్లో ముఖ్యమైన లాంచ్‌లు ఉన్న కస్టమర్లకు, వాతావరణ హెచ్చరిక వస్తే నేను ముందుగానే హైదరాబాద్ వెళ్లి అక్కడి నుంచి పనిచేస్తానని ఒప్పందంలో రాస్తాను. ఈ ఒక్క వాక్యం చూసి నన్ను ఎంచుకున్నామని చెప్పినవారు ఉన్నారు. మొదటి కొన్నేళ్లు మాత్రం టీమ్ ఉన్న చోట, హైదరాబాద్ గానీ బెంగళూరు గానీ విశాఖ గానీ, ఆఫీసులో కూర్చుని పనిచేస్తే నేర్చుకునే వేగం బాగా ఎక్కువగా ఉంటుంది. అమ్మానాన్నల బాధ్యత వల్ల కదలలేని పరిస్థితి అయితే కనీసం పెద్ద రిలీజ్‌ల సమయంలో అక్కడ ఉండేలా చూసుకోండి.

ఇక మీ కంపెనీలో ఉన్న ఖాళీ గురించి. ఒప్పుకునే ముందు ఆ టీమ్ మేనేజర్‌ను కొన్ని విషయాలు నేరుగా అడగండి. ప్రొడక్షన్ మానిటరింగ్, లాగ్‌లు చూసే అనుమతి ఆ టీమ్‌కు ఉందా? టెస్ట్ ఫెయిలైనప్పుడు కారణం వెతికేది వారేనా, లేక అంకెలు డెవలపర్లకు పంపి ఊరుకుంటారా? డేటాబేస్ నిర్వహించేవారితో కలిసి కూర్చునే వీలుంటుందా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే జీతంలో పెద్ద పెరుగుదల లేకపోయినా వెంటనే మారండి. స్క్రిప్టులు రాసి, నడిపి, రిపోర్ట్ పంపడం మాత్రమే పని అయితే, ప్రస్తుత ఉద్యోగంలోనే ఉంటూ మీ ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకుని, కోటి వరుసల టేబుల్ ఒకటి తయారుచేసి, ఇండెక్స్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఐఓస్టాట్ ఏం చూపుతుందో గమనించడంతో మొదలుపెట్టండి. అలా చేసిన కొలతలను గ్రాఫ్‌లతో సహా రాసి దగ్గర ఉంచుకుంటే, తర్వాతి ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అవే ఎక్కువ పనిచేస్తాయి.