నేలలో సాల్వెంట్ ట్యాంకులున్న పాత యూనిట్ కొనేముందు మట్టి రిపోర్టును నమ్మొచ్చా?

తిరుపతి పక్కన గాజులమండ్యం దగ్గర మూతబడ్డ యూనిట్ చూశామని, నేలలో రెండు సాల్వెంట్ (వేరే పదార్థాల్ని కరిగించే ద్రవం) ట్యాంకులున్నాయని, అమ్మేవాళ్లిచ్చిన మట్టి రిపోర్టులో ఏ కెమికలూ లేదని రాసుందని అడిగారు. అంకెలు తర్వాత చూడొచ్చు, మట్టి ఎక్కడ, ఎంత లోతులో, ఎలా తీశారో ముందు అడగండి. కొన్నేళ్లు శాంపిళ్లు తీసే పనే చేశాను, ల్యాబ్ తప్పుల కన్నా తప్పు చోట తవ్విన కేసులే ఎక్కువ చూశాను.

రేణిగుంట వైపు ఒక షెడ్డులో అడుగు లోతు మట్టి తీసి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, మే నెల ఎండలో జీపులో వేసి పంపారు. టోలీన్ లాంటి తేలిగ్గా ఆవిరయ్యే సాల్వెంట్లు దారిలోనే ఆవిరైపోతాయి, ఇక రిపోర్టు క్లీన్‌గా రాక ఏం చేస్తుంది! తీసిన వెంటనే గాజు సీసాలో బిగించి, ఐస్ పెట్టెలో పెట్టి పంపాలి. మేం మళ్లీ తవ్వితే ట్యాంకుకి చిల్లేమీ లేదు, లారీ నుంచి దింపుకునే ఫిల్లింగ్ పాయింట్ కింద కెమికల్ దొరికింది. పైన మామూలు ఎర్రమట్టే, మనిషి లోతు దాటాక బూడిద రంగుకి తిరిగి, చేతికి జిడ్డుగా, దూరం నుంచే థిన్నర్ వాసన. హోస్ తీసిన ప్రతిసారీ కారిన నాలుగు చుక్కలే ఏళ్ల తరబడి దిగాయి. ఆ చోటు డ్రాయింగుల్లో లేదు, పాత హెల్పర్ ఒకాయన చూపించాడు. మీరూ అలాంటి మనిషిని వెతికి పట్టుకోండి, ఒక టీకి సగం పని అయిపోతుంది.

లోతు విషయానికొస్తే, ట్యాంకు అడుగు కన్నా కిందికి వెళ్లాలి, గరుసు (బండ మీదుండే రాళ్ల మట్టి) అయిపోయి బండ తగిలే చోట తప్పకుండా ఒక శాంపిల్ తీయాలి. టోలీన్ నీటి కన్నా తేలిక, నీటి మట్టం మీద తేలుతుంది. ఫార్మా వాళ్లు ఎండీసీ అనే మెథిలీన్ క్లోరైడ్ కూడా సాల్వెంటే, కానీ దాని సాంద్రత 1.33 (నీటిది 1), నీళ్లలోంచి కూడా కిందికి దిగి బండ పగుళ్లలో కూర్చుంటుంది. స్వర్ణముఖి నదికి దగ్గరగా ఇసుక నేలైతే పక్కకి కూడా తొందరగా పాకుతుంది. ఇంకోటి, గాలిలో కెమికల్ ఆవిరిని పట్టే పీఐడీ మీటరు సున్నా చూపిందని ధైర్యం చెప్తారు, మామూలుగా అందులో ఉండే 10.6 eV (వెలుగు శక్తి కొలత) ల్యాంపుకి టోలీన్ దొరుకుతుంది కానీ ఎండీసీ అసలు కనబడదు.

దయచేసి బోరు లారీని మాత్రం పిలవకండి. కంప్రెసర్ గాలికి ఆవిరయ్యేదంతా ఎగిరిపోతుంది, పైగా మురికి మట్టిలోంచి బండలోకి వేసిన బోరు ఆ కెమికల్‌ని కింది నీటికి చేర్చే గొట్టం అవుతుంది, తర్వాత పక్క రైతుల బోర్లకి ఎవరు జవాబు చెప్పాలి? చేతి ఆగర్ (చేత్తో తిప్పి మట్టి తీసే బర్మా) గానీ, నీళ్లూ గాలీ కొట్టకుండా తవ్వే సాయిల్ టెస్టింగ్ రిగ్ గానీ చాలు. చుట్టుపక్కల బోరు నీళ్లు కూడా ఎండాకాలం ఒకసారి, నవంబరు వానల తర్వాత ఒకసారి తీయించండి. ట్యాంకు చుట్టూ నింపిన ఇసుకలో వాన నీళ్లు నిలిచాక కనబడే సరుకు మేలో కనబడకపోవచ్చు. ట్యాంకులు ఖాళీవే కదా అని మూత తీసి టార్చి పట్టుకుని తొంగిచూడొద్దు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే అంటుకునేది.

కలుషిత స్థలాలపై కేంద్రం 2025లో ప్రత్యేక నియమాలు తెచ్చింది, కాబట్టి శుభ్రం చేసే ఖర్చు ఎవరిదో అగ్రిమెంటులో రాయించాకే అడ్వాన్సు ఇవ్వండి, లాయరుకి ముందే చూపించండి. ఆ ట్యాంకుల్లో చివరగా ఏం నింపారో తెలిస్తే ఇక్కడ రాయండి, ల్యాబ్‌కి ఏ పరీక్షలు అడగాలో చెప్తాను.