సంఘ చరిత్ర రాయబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

సికింద్రాబాదులోని మన బాప్తిస్టు సంఘం వందేళ్ల పండుగకు చరిత్ర పుస్తకం రాసే పని డీకన్లు నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం కలిగింది. పాస్టరు గార్ల పేర్లు వరసగా రాసుకుని, ఒక్కో అయ్యగారికి ఒక్కో అధ్యాయం చొప్పున నోట్‌బుక్ కూడా మొదలుపెట్టావట. అమ్మా, ఆ వరసను పక్కన పెట్టు. యాభై ఏళ్ల కిందట నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలనే ఈ ఉత్తరం.

స్వర్ణోత్సవానికి చిన్న పుస్తకం వేశాం, నీకు గుర్తుండదు. అప్పుడు నేను కొత్తగా టీచరుగా చేరాను, దస్తూరి బాగుంటుందని ఆ పని నాకిచ్చారు. పునాదిరాయి ఎవరు వేశారు, గంట ఎవరు కొనిచ్చారు, కుర్చీలకు ఎవరెంత ఇచ్చారు, ఏ అయ్యగారు ఎన్నేళ్లు ఉన్నారు, అన్నీ రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఆదివారం ఒక ముసలమ్మ పుస్తకం చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. ప్రతి పేజీ మీదా వేలు పెట్టి, "ఇందులో మా అమ్మ ఉందా?" అని అడిగింది. వాళ్లమ్మ బైబిల్ స్త్రీ. మన గుడికి గోడలు లేవక ముందు రైల్వే క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పింది, అక్షరాలు నేర్పింది, కాన్పులకు తోడు వెళ్లింది. ఆమె పేరు నా పుస్తకంలో లేదు. రాసేటప్పుడు నేను ఎవరినీ అడగలేదు. సంఘ సమావేశాల పాత మినిట్స్‌లో ఆమెకు నెలకు ఇచ్చిన జీతం మాత్రం ఉంది, పేరు లేకుండా "బైబిల్ స్త్రీకి" అని. ఆ ముసలమ్మకు ఏం చెప్పానో గుర్తు లేదు కానీ ఆ వేలు మాత్రం ఈ రోజుకీ నా కళ్ల ముందు ఉంది.

అందుకని నువ్వు గుడితో మొదలుపెట్టకు, మనుషులతో మొదలుపెట్టు. వాళ్లు ఎక్కడున్నారని అడుగుతావేమో. రిజిస్టరులో ఉన్నారు.

మన బాప్తిస్టులలో పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు కదా. పెద్దయి, నమ్మి, తనంతట తాను ఒప్పుకుని నీళ్లలో మునిగినవాళ్లే సభ్యులు. కాబట్టి మన బాప్తిస్మపు రిజిస్టరును పుట్టినవాళ్ల జాబితా అనుకుని చదవకు. దానిలో పుట్టిన తేదీ ఉండకపోవచ్చు, తండ్రి పేరు ఉండకపోవచ్చు. వంశవృక్షం గీద్దామనుకుంటే అక్కడే చిక్కుపడతావు. కానీ దాని పక్కనే ఇంకో ఫైలు ఉంటుంది, అది బంగారం. వేరే ఊరి సంఘం నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్న సభ్యత్వ ఉత్తరాలు. "ఫలానా సహోదరుడు మా సంఘంలో మంచి సాక్ష్యం కలిగినవాడు, మీ సహవాసంలో చేర్చుకోండి" అని అక్కడి పాస్టరు గారు రాసిచ్చినవి. కనిగిరి, పొదిలి, కంభం, దొనకొండ, వినుకొండ, బాపట్ల, ఇటు నల్లగొండ, జనగాం, సూర్యాపేట, పాలమూరు, హనుమకొండ. సికింద్రాబాదులో మన సంఘం ఎలా పుట్టిందో ఆ ఉత్తరాలు వరసగా పేరిస్తే తెలుస్తుంది. ఏ ఏడు ఏ ఊరి నుంచి ఎంతమంది వచ్చారో ఒక కాగితం మీద రాసుకో. ఒక ఊరి నుంచి ఒకేసారి ఏడెనిమిది కుటుంబాలు వచ్చాయంటే ఆ ఏడు ఆ ఊళ్లో ఏదో జరిగి ఉంటుంది. కరువో, పనుల్లేకపోవడమో, ముందు వచ్చిన ఒక బావమరిది రైల్వేలో పని ఇప్పించడమో. అది వెతికి పట్టుకుని రాయి.

మిషను ఆసుపత్రులను మర్చిపోకు. నెల్లూరులో, ఒంగోలులో, హనుమకొండలో నర్సింగ్ నేర్చుకున్న ఆడపిల్లలు ఇక్కడి గాంధీకి, ఉస్మానియాకు ఉద్యోగాలకు వచ్చారు. మన సంఘంలో చందా తప్పకుండా కట్టినవాళ్లలో సగం మంది వాళ్లే అని లెక్కల పుస్తకం చూసిన నేను చెప్పగలను. నైట్ డ్యూటీ దిగి, తెల్లచీర మార్చుకోకుండానే ఆరాధనకు వచ్చి వెనక వరసలో కూర్చునేవారు. మీ అమ్మమ్మ కూడా అలా కూర్చున్నదే.

ఇక ఒంగోలు సంగతి. మన చరిత్ర రాసేవాళ్లు అందరూ మొదటి అధ్యాయం అక్కడే పెడతారు, నువ్వూ పెట్టక తప్పదు. కానీ క్లుప్తంగా, తప్పుల్లేకుండా రాయి. అమెరికన్ బాప్తిస్టుల తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ల తరబడి ఫలితం కనిపించక ఈ మిషనును మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ నడిచింది. పటం మీద నెల్లూరు ఒక్కటే చుక్కగా ఉండటంతో దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది. మూసేయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు, జూలియా, రూతు. మూడో ఆయన పేరు నర్సు. దొరగారి పేరు రాసి వీళ్లను "కొందరు తెలుగువారు" అని వదిలేసిన రాతలు నేను చాలా చూశాను. నువ్వు ముగ్గురి పేర్లూ రాయి.

తర్వాత వచ్చిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొరగారి గురించీ అంతే. ఆయన 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు, 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో సంఘం కట్టారు. కానీ తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందే తనంతట తాను సత్యం వెతుక్కుంటూ వచ్చాడు. తోళ్ల పని చేసుకునే మాదిగ ఇంటి మనిషి. తర్వాత పల్లె పల్లె తిరిగి తన వాళ్లకు చెప్పింది ఆయన. ఆయన్ని దొరగారి పక్కన నిలబడ్డ శిష్యుడిగా రాయకు. పల్లెల్లో ముందు నడిచింది ఆయనే.

1876 నుంచి 78 వరకు వచ్చిన పెద్ద కరువు గురించి జాగ్రత్తగా రాయాలి. అన్నం కోసం మతం మారారన్న మాట మన పెద్దలు తరతరాలుగా పడ్డారు, బడిలో నేనూ విన్నాను. దానికి జవాబుగా నువ్వు కోపంగా ఒక పేజీ రాయనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు వరసలో పెట్టు. కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వకుండా ఆపి ఉంచారు. కరువు సహాయం ఆగిపోయాక 1878లో మళ్లీ మొదలుపెట్టారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి. ఈ వరస చదివితే చాలు, చదివినవాళ్లే ఆలోచించుకుంటారు.

అక్కడితో ఒంగోలు వదిలి సికింద్రాబాదుకు వచ్చెయ్. మన పుస్తకం మన గురించి.

ముసలివాళ్ల దగ్గరికి వెళ్లే విషయం చెప్తాను, ఇది అన్నిటికంటే ముఖ్యం. ముందుగా వాళ్ల దగ్గరికి వెళ్లు, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. కాగితాలు ఆగుతాయి. వెళ్లగానే "మీ సాక్ష్యం చెప్పండి" అని అడగకు. నలభై ఏళ్లుగా కూడికల్లో చెప్పి చెప్పి ఉన్న సాక్ష్యం వాళ్ల నోట్లో సిద్ధంగా ఉంటుంది, ఒక్క మాట తేడా లేకుండా అదే చెప్తారు. అది విని దణ్ణం పెట్టి లేచి రావాల్సి వస్తుంది. దాని బదులు చిన్న ప్రశ్నలు అడుగు. మొదట దిగిన ఇంటికి అద్దె ఎంత? నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మీరెవరని అడిగేవారా, ఏం చెప్పేవారు? క్రిస్మస్ రాత్రి ఏం వండేవారు? పాటలు ఎవరు ఎత్తుకునేవారు? పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఏ రాగంలో పాడేవారో పాడి వినిపించమను. పాట మొదలైతే మాటలు అవే వస్తాయి.

తేదీలు అడగకు. "పోలీసు చర్యకు ముందా తర్వాతా? దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పాస్టరు గారు ఎవరు?" అని అడుగు. 1948, 1977 అని పక్కన నువ్వు రాసుకో. మగవాళ్లు ఉన్న గదిలో ఆడవాళ్లను అడగకు, వాళ్లు "ఆయన్నే అడుగమ్మా" అంటారు. వంటింట్లో పీట వేసుకుని కూర్చో. పిడికెడు బియ్యం సంగతి అక్కడే వస్తుంది. రోజూ అన్నానికి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నెలకోసారి అమ్మి గుడికి ఇచ్చేవారు. పునాదిరాయి మీద దాతల పేర్లు ఉన్నాయి కదా, ఆ బియ్యం డబ్బు ఎంతయిందో లెక్కల పుస్తకంలో చూసి ఆ పేర్ల పక్కనే ఆ మొత్తం కూడా వేయి.

ఇప్పుడు ఒక కష్టమైన మాట. పేర్లు అచ్చువేసే ముందు ప్రతి కుటుంబాన్నీ అడుగు. మనలో చాలామందికి గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా పోయింది, మన దగ్గర బీసీ-సీలో వేశారు. పిల్లల చదువుకూ ఉద్యోగానికీ ఆ ఒక్క కాగితమే ఆధారమైనప్పుడు ఇళ్లలో ఎంత టెన్షన్ ఉండేదో నేను చూశాను. నీ పుస్తకంలో ఒక జాబితా వేస్తే ఎవరి మనవడికో రేపు ఇబ్బంది రాకూడదు. వద్దన్నవాళ్ల పేరు వేయకు, ఎందుకని అడగకు. అయితే కులం గురించి అసలు రాయకుండా ఊరుకోకు. మనం ఏ పల్లెల నుంచి, ఏ వాడల నుంచి వచ్చామో రాయడానికి సిగ్గుపడితే పేరయ్య నడిచిన నడకకు అర్థం లేకుండా పోతుంది. అలాగే మన గుడి లోపల మాల, మాదిగ అన్న తేడా ఎన్నికల రోజున ఎలా బయటికి వచ్చేదో కూడా రాయి. ఎవరి పేరూ అక్కర్లేదు, జరిగిందని రాస్తే చాలు.

మన సంఘం రెండుగా చీలిన గొడవ గురించి కూడా నిన్ను అడుగుతారు. కొందరు "పండుగ పుస్తకంలో అదెందుకు" అంటారు. రాయాలి. బాప్తిస్టుల్లో ప్రతి సంఘమూ తన నిర్ణయం తానే తీసుకుంటుంది, పైన బిషప్పు లేడు. అదే మన బలం, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి పాస్టరు గారిని పిలుచుకునే హక్కు కూలివాడికీ ఉంది. గొడవ వచ్చినప్పుడు ఆపేవాళ్లు లేకపోవడమూ దానివల్లే. ఈ రెండూ కలిపి చెప్తే చీలిక ఎందుకు వచ్చిందో చదివేవాళ్లకు అర్థమవుతుంది. సమావేశం ఎప్పుడు, ఎంతమంది వచ్చారు, ఏం తీర్మానించారు, అంతవరకు మినిట్స్ నుంచి తీసుకో. ఎవరు మంచివాళ్లో నువ్వు తేల్చకు. కానీ వెళ్లిపోయినవాళ్ల గుడికి ఒక ఆదివారం వెళ్లి కూర్చో, వాళ్ల పెద్దలతో మాట్లాడు. వాళ్ల దగ్గర మన పాత ఫోటోలు ఉన్నాయి. నేను వెళ్లలేదు, మనసొప్పలేదు. ఆ తప్పు నాది.

అమెరికాలో అట్లాంటాలో అమెరికన్ బాప్తిస్టుల చరిత్ర భాండారం ఉంది, మిషనరీలు పంపిన ఉత్తరాలు, రిపోర్టులు అక్కడ దాచారు. ఈమెయిల్ రాసి అడుగు. కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి కదా, వాళ్లది కెనడియన్ మిషను. వాళ్ల కాగితాలు కెనడాలో హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్‌లో ఉంటాయి. అవి చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. దొరలు ఆ ఉత్తరాలు డబ్బు పంపేవాళ్లకు రాశారు. అందులో మన పెద్దలు ఎప్పుడూ చీకట్లోంచి అప్పుడే బయటికి వచ్చినవాళ్లలాగే కనిపిస్తారు. వంద కీర్తనలు నోటికి వచ్చినవాళ్లు, ఊరి పంచాయితీల్లో మాట నెగ్గించుకున్నవాళ్లు అందులో కనపడరు.

మినిట్స్ పుస్తకాలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. రెండింటికి పురుగు పట్టింది. ఆ పేజీలను ఫోన్‌తో ముందు ఫోటో తీయి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. లామినేషన్ చేయించకు, టేపు అంటించకు. గ్రూపు ఫోటోల వెనక పెన్సిల్‌తోనే రాయి, పెన్నుతో రాస్తే సిరా ముందుకు దిగుతుంది. ఫోటోలో గుర్తుపట్టని మనిషిని ఖాళీగా వదిలేయకు, "నీలం చీర, ఎడమ నుంచి మూడో ఆమె, పేరు తెలియదు" అని అచ్చు వేయి. పుస్తకం చూసి ఎవరో ఒకరు వచ్చి చెప్తారు.

ఆ బైబిల్ స్త్రీ కూతురు పోయింది కానీ మనవరాలు మల్కాజిగిరిలో ఉంటోంది. నిన్న ఫోన్ చేశాను, శనివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటానంది. రెండింటికల్లా నా దగ్గరికి వచ్చెయ్, ఇద్దరం ఆటోలో వెళ్దాం. ఈసారి పేరు నేను అడుగుతాను, నువ్వు రాసుకో.

ప్రభువు నీకు తోడై ఉండును గాక.

మీ పెద్దమ్మ