అమ్మాయి టీచరవుతానంటే ఎందుకంత టెన్షన్?

ప్రశ్న: మాది చిత్తూరు. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ చివరి ఏడాది చదువుతోంది. పిల్లలు ఎలా నేర్చుకుంటారో చదువుతాను, స్కూళ్లలో పనిచేస్తాను అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఎడ్‌టెక్ (కంప్యూటర్, ఫోన్ ద్వారా చదువు చెప్పే) కంపెనీల్లో లెర్నింగ్ డిజైనర్‌కు, అంటే పాఠాలు రూపొందించేవాళ్లకు, మంచి జీతమని ఆరు నెలల కోర్సు ఒకటి చూశాను. బీఈడీ, ఎంఏ ఎడ్యుకేషన్, ఈ కోర్సు... ఏది మేలు?

జవాబు: మీరు కోర్సు గురించి అడిగారు గానీ, మీ బెంగ అది కాదండీ. ఊరికెళ్తే "ఇంత చదివించి చివరికి టీచరమ్మనా చేశారు?" అంటారేమోనని. నా దగ్గరికి వచ్చే మన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే భయం. పైకి మాత్రం జీతం గురించి మాట్లాడతారు.

ముందు ఆ ఆరు నెలల కోర్సు సంగతి. నాకు దాని మీద నమ్మకం తక్కువ. నేను చూసిన ఇలాంటి సిలబస్‌లలో కొన్ని "చూసి నేర్చుకునే పిల్లలు, విని నేర్చుకునే పిల్లలు, చేసి నేర్చుకునే పిల్లలు" అన్న పాఠంతోనే మొదలవుతాయి. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, పిల్లల్ని అలా విడదీసి చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లోనే తేల్చారు. దాన్నే ఇప్పటికీ ఫీజు తీసుకుని నేర్పిస్తే ఎలా నమ్మమంటారు?

మరి నిజంగా పనిచేసేదేమిటంటారా? 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చూడండి. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది. మన బళ్లలో పాఠం అప్పజెప్పించుకునేవారే, అందులో ఉన్న బలం ఇదే. ఇది తెలిసిన టీచరు క్లాసు మొదలుపెట్టగానే నిన్నటి పాఠం మీద రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎవరు తడబడ్డారో అక్కడే ఆమెకు తెలిసిపోతుంది.

కంప్యూటర్ పనికిరాదని నేననను. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, వడోదర బడుల్లో కంప్యూటర్ మీద ఆడించిన లెక్కల ఆటల వల్ల మార్కులు పెరిగాయి. ముంబై, వడోదరల్లో వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి ఆ చుట్టుపక్కల యువతులు చదువు చెప్పినా పెరిగాయి. రెండింటిలోనూ పాఠం పిల్లల స్థాయికి దిగింది. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలియాలంటే ఆమె పక్కన కూర్చోవాలి కదా? నలభై మంది ముందు ఒక్కరోజైనా నిలబడనివాళ్లు లెర్నింగ్ డిజైన్ చేస్తామంటే నాకు భయమేస్తుంది.

ఇక పోలిక. డిగ్రీతో పాటు రెండేళ్ల బీఈడీ ఉంటే ఆరు నుంచి పదో తరగతి వరకు చెప్పవచ్చు. ఒకటి నుంచి ఐదు వరకు అది చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పిచ్చింది. ఎంఏ ఎడ్యుకేషన్ పరిశోధనకు, పాఠ్యప్రణాళిక పనికి బాగుంటుంది. సర్జాపుర దగ్గర అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఉంది, మీకు దూరం కూడా కాదు. అయితే ఆ డిగ్రీ ఒక్కటే ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి సరిపోదు. నా మాట అడిగితే ముందు బీఈడీ, రెండేళ్లు క్లాసులో పని, ఆపైన ఎంఏ. ప్రైవేటు బడిలో మొదటి జీతం తక్కువే ఉంటుంది, దాచను. కానీ డిగ్రీలో లెక్కలు చదివి, బాగా చెప్పగలిగే టీచరు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

ఒక్కమాట, కోపం తెచ్చుకోకండి. అమ్మాయి తనకేం కావాలో అంత స్పష్టంగా చెబితే, మీరు దాన్ని టెన్షన్ అని రాశారు. ఇరవై ఏళ్లకే అంత స్పష్టత ఎంతమందికి ఉంటుంది? తను పక్కింటి పిల్లలకు లెక్కలు చెబుతుంటే ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? ఈ వేసవిలో మీ అపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకు నెల రోజులు చెప్పనివ్వండి. ఒకటి రెండు రోజులు మీరూ వెళ్లి వెనక కూర్చోండి. ఆ తర్వాత ఉత్తరం మీరు కాదు, అమ్మాయినే రాయమనండి.