ఒకసారి డెంగీ వచ్చినవారికి మళ్ళీ రాదా?

ప్రశ్న: నాకు ఇప్పుడు ఐదో నెల. రెండేళ్ళ కిందట డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేరాను. అప్పటి రిపోర్టులో ‘ఐజీజీ పాజిటివ్’ అని ఉంది. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రాదని మా అత్తయ్యగారు అంటున్నారు. ఆ రక్షణ నాకు, పుట్టబోయే బిడ్డకు ఉంటుందా? టీకా ఏమైనా వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకి తగ్గితే ఆ రకం నుంచి జీవితాంతం రక్షణ ఉంటుంది కానీ, మిగిలిన మూడింటి నుంచి కొద్ది నెలలకు మించి ఉండదు. పైగా మొదటిసారి తయారైన యాంటీబాడీలు కొత్త రకం వైరస్‌ను పట్టుకున్నా చంపలేక, అది తెల్ల రక్తకణాలలోకి చొరబడడానికి తోడ్పడతాయి. అందుకే రెండోసారి, వేరే రకంతో వచ్చే డెంగీ తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ. క్యూబాలో 1977లో మొదటి రకం వ్యాపించింది. 1981లో రెండో రకం వచ్చినప్పుడు 158 మంది మరణించారు. 1997లో శాంటియాగో నగరంలో రెండో రకం మళ్ళీ తలెత్తినప్పుడు తీవ్రంగా జబ్బుపడినవారు దాదాపు అందరూ ఇరవై ఏళ్ళ కిందట మొదటి రకం సోకిన పెద్దలే.

మీ రిపోర్టును డాక్టరుకు తప్పకుండా చూపించండి. ఐజీజీ అంటే వైరస్ సోకిన కొన్నాళ్ళకు రక్తంలో తయారై చాలాకాలం నిలిచే యాంటీబాడీ. జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే అది పాజిటివ్‌గా ఉంటే, అంతకుముందే మీకు ఒకసారి డెంగీ సోకి ఉండవచ్చు. చాలామందిలో డెంగీ ఏ లక్షణమూ లేకుండానే వచ్చిపోతుంది. 2017-18లో దేశవ్యాప్తంగా జరిపిన రక్తపరీక్షల సర్వేలో దాదాపు సగం మందిలో పాత డెంగీ ఆనవాళ్ళు కనిపించాయి. అలాగైతే ఇకపై మీకు సోకేది మూడోసారి అవుతుంది. మూడోసారి, నాలుగోసారి తీవ్రం కావడం అరుదే అయినా, గర్భిణి ఆ నమ్మకంతో జ్వరాన్ని తేలికగా తీసుకోకూడదు.

డెంగీలో అందరూ ప్లేట్‌లెట్ల సంఖ్యనే చూస్తూ కూర్చుంటారు. అసలు ప్రమాదం రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోవడంలో ఉంది. అప్పుడు రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పెరుగుతుంది. అయితే గర్భిణులలో రక్తం సహజంగానే పలచగా ఉంటుంది కనుక, పెరిగిన అంకె కూడా మామూలుగానే కనిపించి మోసం చేయవచ్చు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయించిన రక్తపరీక్ష కాగితాన్ని దాచుకుని, జ్వరం వస్తే దానితో పోల్చి చూడమని అడగండి. పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే కీలకం. ఆ సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, నీరసం, రక్తస్రావం కనిపిస్తే బొప్పాయి ఆకు రసాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కాన్పు దగ్గర పడ్డాక జ్వరం వస్తే వైరస్ బిడ్డకూ సోకవచ్చు కనుక, పుట్టిన బిడ్డను కొన్ని రోజులు వైద్యుల కనిపెట్టులో ఉంచాలి.

ఇక బిడ్డ సంగతి. మీ యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి తొలి నెలల్లో కాపాడతాయి. అవి క్రమంగా తగ్గిపోయి, సుమారు ఆరో నెల తర్వాత రక్షణకు సరిపోనంత తక్కువగా మిగిలినప్పుడు, పైన చెప్పినట్టే అవి వైరస్‌కు తోడ్పడి, బిడ్డకు మొదటిసారి సోకిన డెంగీ కూడా తీవ్రం కావచ్చు. ఏడాది నిండేవరకు పగటి నిద్రలోనూ దోమతెర కట్టమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూటే.

టీకా విషయానికి వస్తే, విదేశాలలో వాడుకలోకి వచ్చిన డెంగీ టీకాలు బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారైనవి. వాటిని గర్భిణులకు ఇవ్వరు. కాబట్టి దోమలు పెరగకుండా చూసుకోవడమే మీకు దారి. ఈ దోమ నిలవ ఉన్న మంచినీటిలో, పాత్ర అంచులకు గుడ్లు అంటించి పెడుతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి. అందువల్ల డ్రమ్ములలో, కూలర్‌లో, ఫ్రిజ్ వెనుక ట్రేలో నీళ్ళు పారబోస్తే సరిపోదు. వారానికోసారి లోపలి గోడలను పీచుతో రుద్ది కడగాలి. ఆ పని ఇప్పుడు ఇంట్లో మరొకరు చేస్తే మంచిది.