ప్రొనోంబ్రే, ఫ్యూర్‌వోర్ట్ చుట్టాలేనా?

సర్వనామాన్ని స్పానిష్‌లో 'ప్రొనోంబ్రే', జర్మన్‌లో 'ఫ్యూర్‌వోర్ట్' అంటారు, రెంటికీ సంబంధముందా అని అడిగారు కదండీ. ఉంది. గ్రీకు వ్యాకర్తలు 'పేరుకు బదులుగా' అనే అర్థంలో 'అంతోనుమియా' అన్నారు. లాటిన్ వాళ్లు దాన్నే ముక్కకు ముక్క పేర్చి 'ప్రోనోమెన్' చేసుకున్నారు. స్పానిష్ మాటే కాదు, ఇటాలియన్ 'ప్రోనోమె', రొమేనియన్ 'ప్రోనుమె' కూడా అక్కడివే. జర్మన్‌లో 'ప్రోనోమెన్' కూడా వాడుకలో ఉంది. 'ఫ్యూర్‌వోర్ట్' మాత్రం అదే అర్థాన్ని సొంత మాటలతో కట్టుకున్నది: ఫ్యూర్ అంటే బదులు, వోర్ట్ అంటే మాట.

నాకు బాగా నచ్చేది రష్యన్ 'మెస్తోఇమేనియె'. 'మెస్తో' చోటు, 'ఇమ్య' పేరు. పేరు చోట నిలిచేదని ఎంత స్పష్టంగా చెప్పారో చూడండి!

మన 'సర్వనామం' ఈ వరసలోది కాదు, దాని అర్థాన్ని వీటికి అంటగట్టకండి. పాణిని సూత్రం 'సర్వాదీని సర్వనామాని': 'సర్వ'తో మొదలయ్యే పదగణానికి ఆయన పెట్టిన పేరది.