నౌపడ–గుణుపూర్ చిన్న రైలు ఇంజన్‌ని సొంతంగా తయారుచేసి పెరట్లో నడపొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: చిన్నప్పుడు ఎక్కిన నౌపడ–గుణుపూర్ నారో గేజ్ రైలును పెరట్లో తిరిగే మోడల్‌గా చేయాలని ఉంది, ఏ సైజులో చేయాలి, విదేశీ మోడల్ కొని మార్చుకోవాలా లేక సొంతంగా కట్టుకోవాలా, ఆవిరితో నడిపించొచ్చా అని. నేను ఐదేళ్లుగా ఈ పిచ్చిలోనే ఉన్నాను. మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర, కాబట్టి మీరు చెప్పే రైలు నేనూ ఎక్కినవాణ్ణే. ఇప్పటికి మూడు ఇంజన్లు చేశాను. రెండు నడుస్తున్నాయి, ఒకటి అటకెక్కింది. ఆ అటకెక్కినదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు సైజు సంగతి. ఆ లైన్ గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైన్ 1900లో మొదలైంది, 1931లో గుణుపూర్ దాకా వెళ్లింది, 2004లో చిన్న రైలు ఆగిపోయి తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. తోటల్లో నడిపే నారో గేజ్ మోడళ్లకు ఎక్కువగా వాడే పట్టాలు రెండు రకాలు: 45 మి.మీ., 32 మి.మీ. మొదటిదాన్ని 1968లో జర్మనీలో లేమాన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. వాళ్ల స్కేలు 1:22.5, అంటే అసలు రైలులో 22.5వ వంతు. 45ని 22.5తో హెచ్చవేస్తే దాదాపు వెయ్యి, అంటే అది మీటర్ గేజ్‌కి సరిపోయే లెక్క. మీకు పాత గుంతకల్లు మీటర్ గేజ్ మీదో ఊటీ రైలు మీదో మోజు ఉంటే కళ్లు మూసుకుని 45 తీసుకోండి. మన 762కి మాత్రం 32 మి.మీ. పట్టా, 1:24 స్కేలు చక్కగా కుదురుతాయి. 32 ఇంటూ 24 అంటే 768, ఆరు మిల్లీమీటర్ల తేడాని ఎవరూ పట్టుకోలేరు. 45 మీద చేస్తే స్కేలు 1:17కి పోతుంది, ఆ సైజులో మీకు బొమ్మ మనుషులు దొరకడం కష్టం. 1:24లో అయితే బొమ్మ కార్లు కూడా దొరుకుతాయి, లెవెల్ క్రాసింగ్ దగ్గర నిలబెట్టుకోవచ్చు. మనిషి బొమ్మ ఏడు సెంటీమీటర్లుండాలి. నారో గేజ్ ఇంజన్ ఎంత చిన్నదో పక్కన డ్రైవర్ నిలబడితేనే తెలుస్తుంది, కాబట్టి ఇంజన్ కన్నా ముందు ఆ ఏడు సెంటీమీటర్ల మనిషిని తెచ్చుకోండి.

కొలతలకి డ్రాయింగులు దొరకలేదని ఆగిపోకండి. ఇంజన్‌ని ఎదురుగా నిలబడి తీసిన ఫొటో ఒకటి చాలు. ముందు బఫర్ బీమ్‌కి (ఇంజన్ ముందు అడ్డంగా ఉండే దూలం) సరిగ్గా కింద పట్టాల లోపలి అంచుల మధ్య దూరం ఎప్పుడూ 762. నా ప్రింటులో అది 31 మి.మీ. వచ్చింది, బీమ్ వెడల్పు 84. 84ని 31తో భాగించి 762తో హెచ్చవేస్తే 2065. దాన్ని 24తో భాగిస్తే 86. అంతే, నా బీమ్ 86 మిల్లీమీటర్లు. ఫొటోలో వెనక్కి వెళ్లేకొద్దీ కొలత తగ్గుతుంది కాబట్టి క్యాబ్‌కి ఇదే లెక్క వాడకూడదు. దానికి పక్క నుంచి తీసిన ఫొటో కావాలి.

ఇక అటక మీదిది. అందరిలాగే నేనూ ఆశకి పోయి మొదటి ఇంజనే ఆరు చక్రాల స్టీమ్ ఇంజన్ ఆకారంలో (లోపల బ్యాటరీ మోటారే) మొదలుపెట్టాను. బాడీ ముందు చేశాను, అదీ నా తప్పు. చిమ్నీ, డోమ్, వాటర్ ట్యాంకులు, ట్యాంకుల మీద రివెట్లు. రెండు నెలలు ఒళ్లు మరిచి చేశాను. తీరా కింద చక్రాలు బిగించి సైడ్ రాడ్లు (ఒక పక్క చక్రాలన్నిటినీ కలిపే కడ్డీలు) తగిలిస్తే, అరచుట్టు తిరిగి బిగుసుకుపోయింది. స్టీమ్ ఇంజన్‌లో కుడివైపు క్రాంకు (చక్రానికి రాడ్డు తగిలించే చోటు), ఎడమవైపు క్రాంకు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాలో ఉండాలి. మూడు యాక్సిళ్లలోనూ ఆ తేడా ఒకేలా ఉండాలి. ఒక్కదాంట్లో రెండు మూడు డిగ్రీలు తప్పినా రాడ్డు పట్టేస్తుంది. దానికి తోడు రాడ్డు చిల్లుల మధ్య దూరం, ఫ్రేములో యాక్సిల్ చిల్లుల మధ్య దూరం అచ్చంగా ఒకటే కావాలి. నేను రెంటినీ విడివిడిగా స్కేలుతో కొలిచి డ్రిల్ చేశాను. చేయాల్సింది, రాడ్ల రేకులనీ ఫ్రేము రేకులనీ కలిపి క్లాంపులో బిగించి ఒకేసారి చిల్లులు కొట్టడం. అప్పుడు కొలత తప్పినా అన్నిటిలో ఒకేలా తప్పుతుంది, ఏ ఇబ్బందీ ఉండదు. ఇది తెలిసేసరికి బాడీకి కింద చోటు లేదు.

అందుకే మొదటిది డీజిల్ చేయండి. చివరి ఏళ్లలో ఆ లైన్లో డీజిల్ ఇంజన్లే లాగాయి కాబట్టి చరిత్రకీ ద్రోహం చేసినట్టు కాదు. రెండు బోగీల మీద ఒక పొడవాటి పెట్టె, అంతే. (బోగీ అంటే మనవాళ్లు రైలు పెట్టె అంటారు గానీ, ఇక్కడ ఇంజన్ కింద అటూ ఇటూ తిరిగే నాలుగు చక్రాల బండి.) ఒక్కో బోగీలో ఒక ఎన్20 అనే చిన్న గేర్ మోటారు, పైన బాడీలో రెండు 18650 రకం రీచార్జ్ సెల్స్, వాటికి రక్షణ బోర్డు, రిమోట్ రిసీవర్. పట్టాల్లో కరెంటు పెట్టే ఆలోచన వద్దు. మన దుమ్ముకీ వర్షాలకీ జాయింట్లు తుప్పు పట్టి, వారానికోసారి ఉప్పుకాగితం పట్టుకుని పెరడంతా పాకాలి.

మోటారు ఎంచుకునేటప్పుడు కాస్త లెక్క వేయండి. నా చక్రాలు 30 మి.మీ., చుట్టుకొలత 94. నేను ముందు 6 వోల్టులకి 300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరిగే మోటారు పెట్టాను. రెండు సెల్స్ కలిపి 7.4 వోల్టులు కాబట్టి అది 370 దాకా తిరిగింది. 1:24లో లెక్కేస్తే, అంటే అసలు రైలు వేగంలోకి మారిస్తే, గంటకి 50 కిలోమీటర్లు. మా అమ్మాయి చూసి “నాన్నా, ఇది వందే భారతా?” అంది. 100 ఆర్‌పీఎం మోటారుకి మార్చాక 16, 17 కిలోమీటర్ల దగ్గర కుదిరింది. ఇప్పుడు చూస్తే దిగి నడుస్తూ మళ్లీ ఎక్కొచ్చు అనిపించే ఆ పాత నడక వచ్చింది.

బాడీ విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తాను. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేయించకండి. నేను చేయించిన మొదటి క్యాబ్‌ని మే నెలలో పట్టాల మీదే వదిలేసి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి పైకప్పు వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగింది. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ముదురు రంగు వేసింది ఎండలో అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు. ఇప్పుడు ఏబీఎస్ షీటు కోసి అతికిస్తున్నాను. రివెట్లకైతే కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి, రబ్బరు షీటు మీద పరిచి, వెనకవైపు నుంచి టైలర్లు వాడే ట్రేసింగ్ వీల్‌తో స్కేలు ఆనించి గట్టిగా ఒత్తి లాగండి. తిప్పి చూస్తే వరసగా సమాన దూరంలో గుండ్లు లేచి ఉంటాయి. దాన్ని బాడీకి అతికించి ప్రైమర్ కొడితే ఇనుప రేకే అనుకుంటారు. ఇంత సులువైన పనికి నేను మొదటి ఇంజన్ మీద వారం రోజులు సూదితో పొడిచాను!

బరువు తక్కువై చక్రాలు జారితే టైరు షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కి వాడే సీసం ముక్కలు అడగండి, పాతవి ఊరికే ఇస్తారు. పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

విదేశీ మోడల్ కొనడమా? మా బావమరిది జర్మనీ నుంచి సెకండ్ హ్యాండ్ ఎల్‌జీబీ ఇంజన్ తెచ్చాడు. క్యాబ్ పెంచి, లైటు మార్చి, మన రంగులు వేశాను. అదే నా రెండో ఇంజన్. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు, ఒప్పుకోవాలి. కానీ అది 45 పట్టాది, పైగా ఎంత మార్చినా యూరప్ ముఖం పోలేదు. డీజిల్‌కి నాకు ఏడు వేల చిల్లర అయింది, పట్టాలు కాకుండా. అసలు ఆవిరితో నడిచేవీ ఉన్నాయి. బ్రిటన్‌లో రౌండ్‌హౌస్ వాళ్లు 32 మి.మీ. పట్టాకి గ్యాసుతో మండే ఇంజన్లు చేస్తారు, డార్జిలింగ్ కొండ రైలు లాగే బి క్లాస్ ఇంజన్ కూడా చేశారు. ధర లక్షల్లో మాట. సొంతంగా బాయిలర్ చేసుకోవాలని మాత్రం యూట్యూబ్ చూసి దిగకండి. ప్రెషర్ టెస్ట్ చేయడం తెలిసినవాళ్లు పక్కన లేకుండా అది ఆట కాదు.

చక్రాలకి లేత్ వర్క్స్‌కే వెళ్లాలి. టర్నర్‌కి కాగితం మీద గీసి ఇస్తే సరిపోదు. నేను అలాగే ఇచ్చి, రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 28 మి.మీ. ఉండాల్సింది 30 అని రాసేశాను. తిన్నగా ఉన్నచోట బాగానే వెళ్లింది, మొదటి మలుపులోనే పట్టా ఎక్కి బోర్లా పడింది. రెండోసారి అరడుగు పట్టా ముక్క జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆయన చక్రాల జతను దాని మీద దొర్లించి, అటూ ఇటూ కదిపి, “ఓస్, ఇదా” అని మళ్లీ ఒక పొర తీసి ఇచ్చాడు. మీరూ ఆ ముక్క మర్చిపోకుండా తీసుకెళ్లండి.