తాగి నడిపి ప్రాణం తీస్తే ‘ప్రమాదం’ అనవచ్చా?

సందేహం: మత్తులో బండి నడిపి మనుషుల ప్రాణాలు తీసేవారికి శిక్ష పెంచాలని మా అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్లం వినతిపత్రం రాస్తున్నాం. “మద్యం సేవించి వాహనం నడిపి జరిగిన ప్రమాదాల్లో మరణాలకు శిక్షలను మరింత కఠినతరం చేయాలి” అని మొదలుపెట్టాం. ‘ప్రమాద’ అంటే పొరపాటు కదా, ‘అపఘాత’ అనండి అంటున్నారు కన్నడ మిత్రులు. మాలోనే కొందరు ‘హత్యలు’ అని రాద్దామంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ కన్నడ మిత్రులు చెప్పింది వాళ్ల భాషకు నిజం. అక్కడ రోడ్డు మీద జరిగేది అపఘాత. ప్రమాద అంటే తప్పు, పొరపాటు. సంస్కృతంలోని అర్థానికి కన్నడమే దగ్గరగా ఉంది. ‘ప్రమాదో ధీమతామపి’ అని మనమూ అంటాం. ఎంత తెలివైనవాడికైనా ఏమరపాటు తప్పదని దాని భావం. అపాయం, దుర్ఘటన అనే అర్థాలు తెలుగులో తర్వాత స్థిరపడ్డాయి. అంతమాత్రాన అవి తప్పు కావు. ‘అపఘాతం’ తెలుగు పాఠకుడికి అలవాటు లేని మాట, తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

ఈ పదం పుట్టుక మాత్రం మీ వినతిపత్రానికి సూటిగా తగులుతుంది. ప్రమాదంలో ఉన్న ధాతువు ‘మద్’. మదం, మద్యం, ఉన్మాదం దాని నుంచి వచ్చినవే. ‘మత్త’ మన నోట ‘మత్తు’ అయింది. ఒళ్లు తెలియని స్థితి ప్రమాదం, అందులో ఉన్నవాడు ప్రమత్తుడు, ఒళ్లు దగ్గర పెట్టుకున్నవాడు అప్రమత్తుడు. అంటే మొదట ప్రమాదం మనిషిలో ఉండేది. రోడ్డు మీదికి తర్వాత వచ్చింది. అందుకే ‘మద్యం మత్తులో ప్రమాదవశాత్తు ఢీకొట్టాడు’ అన్న వార్తావాక్యం చదివితే బాధ కలుగుతుంది. ‘ప్రమాదవశాత్తు’ అనగానే చేసినవాడి బాధ్యత సగం కరిగిపోతుంది. ఆ మాట మీ పత్రంలో ఎక్కడా రానివ్వకండి.

అసలు లోపం మీ వాక్య నిర్మాణంలో ఉంది. ‘నడిపి’కి కర్త మనిషి, ‘జరిగిన’కు కర్త ప్రమాదం. ఇలాంటి అసమాపక క్రియకూ (వాక్యాన్ని ముగించని క్రియకూ) దాని తర్వాతి క్రియకూ ఒకే కర్త ఉండాలన్నది సాధారణ నియమం. ‘వానలు కురిసి చెరువులు నిండాయి’, ‘కారు ఢీకొని ఇద్దరు చనిపోయారు’ లాంటివి చెల్లుతాయి: మొదటి పని కర్త కళ్లముందే ఉంది, రెండోది దాని ఫలితంగా దానంతట అది జరిగింది. మీ వాక్యంలో నడిపినవాడు కనబడడు. శిక్ష ఎవరికి పడాలో ఆ మనిషే వాక్యంలోంచి జారిపోయాడు. తెలుగులో చచ్చు–చంపు, పోవు–తీయు అని జంట క్రియలున్నాయి. ‘ప్రాణం పోయింది’ అంటే చేసినవాడు అక్కర్లేదు, ‘ప్రాణం తీశాడు’ అంటే ఉండి తీరాలి. సందేహం రాసేటప్పుడు ‘ప్రాణాలు తీసేవారికి’ అని చక్కగా రాసి, పత్రంలోకి వచ్చేసరికి ఎందుకు వదిలేశారు?

‘హత్య’ వద్దు. ఆవేదన అర్థమవుతుంది గానీ, అధికారి మొదట పట్టుకునేది ఆ మాటనే. చట్టంలో హత్య వేరు, ‘హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య’ వేరు, నిర్లక్ష్యంతో మరణం కలిగించడం వేరు. చివరిదానికి పాత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ కింద 2 ఏళ్ల దాకా జైలు ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అది 5 ఏళ్ల దాకా అయింది. నరహత్యకు 105వ సెక్షన్. చంపాలన్న ఉద్దేశం లేకున్నా, ప్రాణం పోవచ్చన్న ఎరుక ఉండి చేస్తే 10 ఏళ్ల దాకా. ముంబయి కార్టర్ రోడ్డులో 2006లో కారు కాలిబాట ఎక్కి, అక్కడ నిద్రిస్తున్న ఏడుగురు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2012లో నరహత్య నేరాన్నే ఖాయం చేసింది. అయినా పడిన శిక్ష 3 ఏళ్లే.

కాబట్టి ‘దాకా’ అన్న చిన్న మాటను గమనించండి. ‘5 ఏళ్ల శిక్ష’ వేరు, ‘5 ఏళ్ల దాకా శిక్ష’ వేరు. వార్తల్లో తరచూ ఎగిరిపోయేది ఈ ‘దాకా’నే. గరిష్ఠ శిక్ష పెంచమంటున్నారా, ఇంతకు తగ్గకూడదని కనిష్ఠ శిక్ష అడుగుతున్నారా? ‘కఠినతరం’ అంటే రెండూ తేలవు. పైగా ‘తరం’లోనే ‘ఇంకా ఎక్కువ’ అన్న అర్థం ఉంది, దానికి ‘మరింత’ అదనపు బరువు.

‘సేవించి’ బదులు ‘తాగి’ చాలు. సేవించడం తీర్థానికి, ఔషధానికి నప్పుతుంది. ‘మత్తులో’ అంటే ఇంకా మేలు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించిన ఆల్కహాల్‌తో పాటు మాదకద్రవ్యాలనూ లెక్కలోకి తీసుకుంటుంది. ‘మద్యం’ అని కట్టేస్తే రెండోది బయట ఉండిపోతుంది.

ఇలా రాయండి: “మత్తులో బండి నడిపి మనిషి ప్రాణం తీసినవారికి కనీసం ఇన్నేళ్ల జైలు శిక్ష తప్పనిసరి అయ్యేలా చట్టాన్ని సవరించాలి.” ‘ఇన్నేళ్ల’ దగ్గర మీరు కోరే అంకె వేయండి. దీన్నే కన్నడంలోకి మార్చేటప్పుడు, మీ తెలుగు పత్రంలో ‘ప్రమాదం’ ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడ ‘అపఘాత’ అనే పెట్టించండి. ‘ప్రమాద’ అని వదిలేస్తే అక్కడి అధికారి దాన్ని ‘పొరపాటు’ అని చదువుతారు.